పరుగులో ఛాతీ పట్టీ చూపే శ్వాస రేటును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: దూరపరుగు

నమస్కారం. ఛాతీకి కట్టుకొనే గుండె పట్టీ నుంచి వచ్చే ఆర్-ఆర్ వ్యవధులను, అంటే ఒక గుండె స్పందనకూ తరువాతి స్పందనకూ మధ్య గడిచే కాలాలను, ఫోనులో భద్రపరచి, వాటి నుంచి నిమిషానికి ఎన్ని శ్వాసలు తీస్తున్నానో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామును సొంతంగా రాసుకున్నాను. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగంగానూ, విడిచినప్పుడు కొద్దిగా నెమ్మదిగానూ కొట్టుకుంటుందన్న విషయమే ఈ ప్రయత్నానికి ఆధారం. వ్యవధులను సెకనుకు 4 నమూనాల చొప్పున సమానమైన ఎడంలో మళ్లీ అమర్చి, 60 సెకన్ల భాగాలుగా విడదీసి, ప్రతి భాగానికీ స్పెక్ట్రం, అంటే ఏ వేగపు లయ ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫు, గీస్తున్నాను. 0.1 నుంచి 0.8 హెర్ట్జ్ మధ్య, అంటే నిమిషానికి 6 నుంచి 48 శ్వాసల మధ్య, అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఎక్కడ కనిపిస్తే దానినే శ్వాస రేటుగా తీసుకుంటున్నాను.

కూర్చొని ఉన్నప్పుడు ఫలితం చాలా బాగుంది. గడియారం చూసుకొని నేను లెక్కపెట్టిన సంఖ్యకూ ప్రోగ్రాము చెప్పిన సంఖ్యకూ ఒక శ్వాస కంటే ఎక్కువ తేడా రాలేదు. పరుగులో కూడా ఒకసారి సరిచూశాను. మొదటి పది నిమిషాల్లో, గుండె వేగం 130 దగ్గర ఉన్నప్పుడు, నా లెక్క 43 కాగా ప్రోగ్రాము 42 అని చెప్పింది. ఇంత దగ్గరగా వచ్చిన తరువాత ఇక అనుమానించవలసిన పని లేదని నమ్మాను.

చిక్కు ఆ తరువాత మొదలైంది. గంటసేపు ఒకే వేగంతో పరిగెత్తిన రోజు గ్రాఫు చూస్తే, గుండె వేగం 142 ఉన్న ఇరవయ్యో నిమిషానికి శ్వాస రేటు 30కి దిగింది. గుండె వేగం 151కి చేరిన చివరి నిమిషాల్లో అది 21గా కనిపించింది. నేను అలసిపోతున్నకొద్దీ నా శ్వాస నెమ్మదించిందని ప్రోగ్రాము చెబుతోంది. నాకు మాత్రం చివరి పావుగంటలో ఊపిరి అందడం మరింత కష్టమైనట్టే అనిపించింది. శ్వాస సంఖ్య తగ్గి లోతు పెరిగిందని దీన్ని అర్థం చేసుకోవాలా, లేక చెమటకు పట్టీ జారి కొలత చెడిపోయిందా, లేక నా లెక్కింపు పద్ధతిలోనే ఏదైనా మౌలికమైన లోపం ఉందా? వ్యవధులను చూస్తే ఎక్కడా స్పందనలు తప్పిపోయిన గుర్తులు లేవు. ఈ సంఖ్యను ఆధారం చేసుకొని నా శిక్షణను మార్చుకోవాలని అనుకుంటున్నాను కాబట్టి, తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: శరీరధర్మ పాఠం

దూరపరుగు గారూ, మొదట లోతు సంగతి చూద్దాం, ఎందుకంటే దానిని సాధారణ గుణకారంతోనే తేల్చవచ్చు. నిమిషానికి ఊపిరితిత్తుల్లోకి వచ్చిపోయే గాలి మొత్తం, శ్వాసల సంఖ్యను ఒక్కో శ్వాస పరిమాణంతో గుణిస్తే వస్తుంది. ఉదాహరణకు మీకు ఆ వేగంలో నిమిషానికి 75 లీటర్ల గాలి అవసరమనుకుంటే, 43 శ్వాసలకు ఒక్కొక్కటి సుమారు 1.7 లీటర్లు ఉంటే సరిపోతుంది. అదే గాలిని 21 శ్వాసల్లో పొందాలంటే ఒక్కో శ్వాస 3.6 లీటర్ల దాకా ఉండాలి. వ్యాయామంలో శ్వాస పరిమాణం సాధారణంగా ఊపిరితిత్తుల సామర్థ్యంలో (వైటల్ కెపాసిటీ), అంటే నిండా పీల్చి పూర్తిగా విడిచినప్పుడు బయటికి వచ్చే గాలిలో, సగానికో అంతకు కొంచెం పైకో చేరి అక్కడ ఆగుతుంది. ఆ సామర్థ్యం 4 నుంచి 5 లీటర్లు ఉన్న మనిషి 3.6 లీటర్ల శ్వాసలతో అరగంటపాటు పరిగెత్తడం జరిగే పని కాదు. పైగా సహజంగా జరిగే మార్పు దీనికి ఎదురుదిశలో ఉంటుంది. శ్రమ పెరిగేకొద్దీ మొదట లోతు, సంఖ్య రెండూ పెరుగుతాయి. లోతు దాదాపు ఆగిపోయాక మిగిలిన పెరుగుదలను సంఖ్యే మోస్తుంది. దీర్ఘంగా సాగే పరుగులో కూడా చివరికి శ్వాస సంఖ్య నెమ్మదిగా ఎక్కుతుంది తప్ప సగానికి పడిపోదు. కాబట్టి ఈ విషయంలో మీ శరీరం చెప్పిందే నిజమని నేను నిస్సందేహంగా అంటాను.

ఇక ప్రోగ్రాము ఆధారపడిన సూత్రం గురించి. శ్వాసతో పాటు రక్తపు ఒత్తిడి మారుతుందని 1733లో స్టీఫెన్ హేల్స్ గుర్రం మీద చేసిన పరిశీలనలో గుర్తించారు. శ్వాసతో పాటు గుండె లయ కూడా మారుతుందని 1847లో కార్ల్ లుడ్విగ్ కుక్క మీద నమోదు చేశారు. విశ్రాంతిలో ఈ మార్పును కలిగించేది ప్రధానంగా వేగస్ నాడి. ఆ నాడి గుండెను అదిమిపెట్టి నెమ్మదింపజేస్తుంది, ఊపిరి పీల్చేటప్పుడు ఆ అదుపు సడలి గుండె కాస్త ముందుకు ఉరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకులలో విశ్రాంతి సమయంలో ఈ తేడా పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది, కొందరిలో 100 మిల్లీసెకన్లు కూడా దాటుతుంది. వయసుతో పాటు ఇది తగ్గుతుంది.

వ్యాయామం మొదలైనప్పుడు గుండె వేగం పెరగడానికి శరీరం మొట్టమొదట చేసే పని ఈ వేగస్ అదుపును తొలగించడమే. అంటే మీరు కొలవదలచిన సంకేతానికి మూలమైనదే, కొలవవలసిన సమయానికి చాలావరకు వెళ్లిపోతుంది. తీవ్రమైన శ్రమలో శ్వాస వల్ల ఆర్-ఆర్ వ్యవధిలో కలిగే మార్పు కొద్ది మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది. అయితే అది పూర్తిగా సున్నా కాదు. లోతైన శ్వాసలు ఛాతీలోని ఒత్తిడిని, గుండెకు తిరిగి వచ్చే రక్తాన్ని మారుస్తున్నప్పుడు, లయను పుట్టించే సైనస్ నోడ్ యాంత్రికంగా సాగి తన వేగాన్ని కొంచెం మార్చుకుంటుంది. నాడులు తెగిపోయిన మార్పిడి గుండెల్లో కూడా ఈ చిన్న అవశేషం కనిపించడం వల్లే, ఇది నాడుల పని కాదని తేలింది. మీ ప్రోగ్రాము పరుగులో వెతుకుతున్నది ఈ అవశేషాన్ని. ఇంత బలహీనమైన సంకేతం పక్కన మరేదైనా లయ కొంచెం బలంగా ఉన్నా ఎత్తైన శిఖరం దానిదే అవుతుంది. అటువంటి లయ ఏది కావచ్చో సంకేతాల విశ్లేషణ తెలిసినవారు చెబితే బాగుంటుంది.

సమాధానం: సంకేతశోధన

దూరపరుగు గారూ, మీరు మీ అడుగుల వేగం ఎంతో చెప్పలేదు. అయినా నిమిషానికి 172 అడుగులని చెప్పగలను. సరిచూసి చెప్పండి.

ఎలా చెప్పగలిగానంటే, మీరిచ్చిన మూడు జతలను కూడి చూడండి. గుండె వేగం 130, ప్రోగ్రాము 42. గుండె వేగం 142, ప్రోగ్రాము 30. గుండె వేగం 151, ప్రోగ్రాము 21. ప్రతి జత మొత్తమూ 172. గుండె వేగం ఎంత పెరిగితే మీ శ్వాస రేటు సరిగ్గా అంతే తగ్గడం శరీరంలో జరిగే పని కాదు, లెక్కలో మాత్రమే జరుగుతుంది.

కారణం ఇది. ఈ పద్ధతిలో గుండె ఒక్కో స్పందనకు ఒక్కసారి మాత్రమే సమాచారం ఇస్తుంది. గుండె నిమిషానికి 142 సార్లు కొట్టుకుంటే మీకు నిమిషానికి 142 నమూనాలు మాత్రమే ఉన్నట్టు. నమూనాల వేగంలో సగం వరకే లయలను నిజాయితీగా గుర్తించగలమన్నది నైక్విస్ట్ పరిమితి. ఇక్కడ అది నిమిషానికి 71. అంతకంటే వేగంగా జరిగేది ఏదైనా మాయమైపోదు, వేషం మార్చుకొని తక్కువ వేగంతో కనిపిస్తుంది. సినిమాలో పరిగెత్తే బండి చక్రం నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది కూడా ఇందువల్లే. దీనినే ఎలియాసింగ్ అంటారు. నిమిషానికి 172 సార్లు నేలను తాకే పాదం మీ శరీరాన్నంతా కుదుపుతుంది. కాలి కండరాలు బిగిసిన ప్రతిసారీ రక్తాన్ని గుండె వైపు నెడతాయి, దానివల్ల లయ నిజంగానే కొంచెం మారుతుంది. అదే కుదుపు పట్టీ ఎలక్ట్రోడ్లను కూడా కదిలించి, స్పందన గుర్తించిన క్షణాన్ని ఒకటి రెండు మిల్లీసెకన్లు అటూ ఇటూ జరుపుతుంది. 142 నమూనాలతో చూసినప్పుడు ఆ 172 లయ, 172 నుంచి 142 తీసివేయగా మిగిలే 30 దగ్గర కనిపిస్తుంది. అది శ్వాస రేటుగా ఎంతో నమ్మదగినట్టు ఉండే సంఖ్య కావడమే అసలు ప్రమాదం.

సెకనుకు 4 నమూనాల చొప్పున మళ్లీ అమర్చాను కాబట్టి 2 హెర్ట్జ్ వరకు చూడవచ్చని మీరు అనుకొని ఉండవచ్చు. ఇది చాలామంది చేసే పొరపాటు కాబట్టి కాస్త నొక్కి చెబుతున్నాను: రెండు స్పందనల మధ్య మనం గీసే వక్రరేఖలో కొత్త సమాచారం ఏదీ ఉండదు. పరిమితిని నిర్ణయించేది గుండె వేగమే, మీరు ఎంచుకున్న 4 కాదు. పైగా బిందువులను సరళరేఖలతో కలిపితే పరిమితికి దగ్గరగా ఉన్న లయలు మరింత బలహీనపడతాయి. మీ అసలు శ్వాస శిఖరం 43 దగ్గర ఉంటే, దాని ఎత్తు అందువల్ల కూడా కొంత తగ్గి ఉంటుంది. అసమాన వ్యవధులనే నేరుగా తీసుకొనే లాంబ్-స్కార్గల్ పద్ధతి ఇక్కడ మెరుగు, కానీ అది కూడా ఎలియాసింగ్ నుంచి మిమ్మల్ని కాపాడదు.

దీనిని నా మాట మీద నమ్మకండి, పరీక్షించండి. లయ వినిపించే యాప్ ఒకటి పెట్టుకొని, పరుగు వేగం మార్చకుండా అడుగుల వేగాన్ని మాత్రం పది నిమిషాలకొకసారి మార్చండి. ప్రోగ్రాము సంఖ్య అడుగులతో పాటు ఒక్కటికి ఒక్కటిగా కదిలితే అది శ్వాస కాదు. చివర్లో ఉన్నట్టుండి ఆగిపోండి. ఆగిన మొదటి నిమిషంలో శ్వాస ఇంకా వేగంగానే ఉంటుంది, అడుగులు మాత్రం ఉండవు. ఆ కొద్ది సేపు ప్రోగ్రాముకు అడ్డు తగిలేది ఏదీ ఉండదు.

శ్వాసలను లెక్కించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. 30 సెకన్లలో ఎన్ని అని లెక్కపెట్టి రెట్టింపు చేస్తే, ఒక్క శ్వాస పొరపాటు రెండుగా మారుతుంది. దానికి బదులు 20 శ్వాసలకు ఎంత కాలం పట్టిందో కొలవండి. 28 సెకన్లు పడితే రేటు 42.9. లెక్కపెడుతున్నామన్న స్పృహే శ్వాసను మార్చేస్తుంది కాబట్టి, కాలరు దగ్గర చిన్న మైకు పెట్టి శబ్దాన్ని నమోదు చేసి, ఇంటికి వచ్చాక వింటూ లెక్కపెట్టడం ఇంకా మంచిది.

దూరపరుగు

సంకేతశోధన గారికి, శరీరధర్మ పాఠం గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. వాచీలో నమోదైన నా అడుగుల వేగం ఆ రోజు మొదటి నుంచి చివరి వరకు 171, 173 మధ్యనే ఉంది. సగటు 172. ఆ సంఖ్య చూసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

మీరు చెప్పిన పరీక్ష చేశాను. అడుగులు 172, గుండె వేగం 144 ఉన్నప్పుడు ప్రోగ్రాము 28 చూపింది, శబ్దం నుంచి లెక్కపెట్టిన శ్వాస 43. అడుగులు 180, గుండె వేగం 146 ఉన్నప్పుడు ప్రోగ్రాము 34, అసలు శ్వాస 45. అడుగులు 164, గుండె వేగం 145 ఉన్నప్పుడు ప్రోగ్రాము 19, అసలు శ్వాస 41. ఆగిపోయిన తరువాత మొదటి 40 సెకన్లలో మాత్రం ప్రోగ్రాము 35, నా లెక్క 36. వాదించడానికి ఇక ఏమీ మిగలలేదు.

మొదటి రోజు నన్ను నమ్మించిన ఆ పోలిక గురించి కూడా ఇప్పుడు అర్థమైంది. నేను నాలుగు అడుగులకు ఒక శ్వాస తీస్తాను, రెండు అడుగులు పీలుస్తూ, రెండు అడుగులు విడుస్తూ. అందుచేత 172 అడుగులకు నా శ్వాస 43. గుండె వేగం 130 ఉన్నప్పుడు అడుగుల నీడ, అంటే వేషం మార్చుకున్న అడుగుల లయ, 42 దగ్గర పడుతుంది. తప్పుడు శిఖరం నడుస్తూ నడుస్తూ అసలు శిఖరం మీదకు వచ్చిన సరిగ్గా ఆ నిమిషాల్లోనే నేను సరిచూశాను. పది నిమిషాలు ఆగి సరిచూసి ఉంటే ఇన్ని రోజులు తప్పు గ్రాఫులు గీసేవాడిని కాదు.

వెతికే హద్దును పైకి జరిపి స్పెక్ట్రాన్ని పూర్తిగా గీస్తే, గుండె వేగం 142 ఉన్న భాగంలో మూడు శిఖరాలు కనిపిస్తున్నాయి: 30 దగ్గర ఎత్తైనది, 43 దగ్గర చిన్నది, 56 దగ్గర మరొకటి. 43 శ్వాసే అయి ఉండాలి. 56 ఏమిటో తెలియడం లేదు. మరొక ప్రశ్న కూడా: ఈ మూడింటిలో శ్వాసను ఎంచుకొనే నమ్మకమైన పద్ధతి ఏదైనా ఉందా, లేక పరుగులో ఈ పని వదిలేయడమే మంచిదా?

సమాధానం: పట్టీల పని

శరీరానికి ధరించే పరికరాల సంకేతాలతో నాకు కొన్నేళ్లుగా పని ఉంది. వదిలేయవలసిన అవసరం లేదు, కానీ ఒక్క ఆర్-ఆర్ వ్యవధుల మీదనే బరువంతా వేయకండి.

ముందుగా 56 సంగతి. కుడి పాదం, ఎడమ పాదం నేలను తాకే తీరు ఎవరిలోనూ పూర్తిగా ఒకే విధంగా ఉండదు, చేతుల ఊపు కూడా రెండు అడుగులకు ఒక చక్రంగా సాగుతుంది. కాబట్టి 172 లయతో పాటు దానిలో సగమైన 86 లయ కూడా మీ శరీరంలో ఉంది. 142 నుంచి 86 తీసివేస్తే 56. మీ శ్వాస 43 కాబట్టి దాని రెట్టింపు లయ కూడా 86 దగ్గరే పడుతుంది, అది కూడా అక్కడే వచ్చి కలుస్తుంది. గుండె వేగం పెరిగేకొద్దీ 30 కిందికి, 56 పైకి జరుగుతాయి, 43 కదలదు. ఈ కదలికే మీకు మొదటి ఆధారం. ఒక నిమిషపు స్పెక్ట్రంలో మూడు శిఖరాలను వేరుచేయడం కష్టమే కానీ, అరగంట స్పెక్ట్రాలను పక్కపక్కన పేర్చి చూస్తే నీడలు వాలుగా సాగే గీతలుగానూ, శ్వాస దాదాపు అడ్డంగా సాగే గీతగానూ కంటికే తెలిసిపోతాయి. గుండె వేగం మారుతున్న భాగంలో నీడ శిఖరం వెడల్పుగా చెదిరిపోవడం, శ్వాస శిఖరం సన్నగా నిలబడడం మరొక గుర్తు.

మీ ఛాతీ పట్టీ ఈసీజీ తరంగాన్నే, అంటే గుండె విద్యుత్ సంకేతాన్నే, పంపగలదేమో చూడండి. కొన్ని పట్టీలు పంపగలవు. పోలార్ హెచ్10 వంటిది సెకనుకు 130 నమూనాల చొప్పున ఈసీజీని, దానితో పాటు కదలికలను కొలిచే త్వరణమాపకం కొలతలను కూడా ఇస్తుంది. ఈసీజీ చేతిలో ఉంటే శ్వాసకు రెండో సాక్షి దొరుకుతుంది. ఊపిరితిత్తులు గాలితో నిండినప్పుడు ఛాతీ విద్యుత్ నిరోధం మారుతుంది, ఎలక్ట్రోడ్లకూ గుండెకూ మధ్య దూరం, గుండె వాలు కూడా మారతాయి. అందువల్ల ఆర్ తరంగం, అంటే ఈసీజీలో ప్రతి స్పందనకూ వచ్చే సన్నని శిఖరం, ఎత్తు శ్వాసతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 1985లోనే ఈ పద్ధతిని పరిశోధకులు ప్రతిపాదించారు. దీని గొప్పతనమేమిటంటే, ఇది వేగస్ నాడి మీద ఆధారపడదు. శ్రమలో శ్వాస లోతు పెరిగేకొద్దీ ఈ మార్పు బలహీనపడదు సరికదా, కొన్నిసార్లు బలపడుతుంది. ఆర్-ఆర్ సాక్షి నోరు మూసుకొనే చోట ఇది మాట్లాడుతుంది.

అయితే ఇది కూడా స్పందనకు ఒక్కసారే దొరికే కొలత కాబట్టి, సంకేతశోధన గారు చెప్పిన పరిమితి దీనికీ వర్తిస్తుంది, అడుగుల నీడ ఇక్కడా పడుతుంది. ఇంకొక ఇబ్బంది నమూనాల మధ్య ఎడం. సెకనుకు 130 నమూనాలంటే రెండు నమూనాల మధ్య 7.7 మిల్లీసెకన్లు. ఆర్ తరంగం శిఖరం సన్నగా ఉంటుంది కాబట్టి అసలు కొన రెండు నమూనాల మధ్య పడిపోయి, మీరు చదివిన ఎత్తు తక్కువగా వస్తుంది. ఈ తప్పు ప్రతి స్పందనకూ మారుతూ కొత్త రొదను పుట్టిస్తుంది. అందుకని శిఖరానికి అటూ ఇటూ ఉన్న బిందువుల గుండా పరావలయం గీసి కొనను అంచనా వేయండి, లేదా ఎత్తుకు బదులు తరంగం కింద వైశాల్యాన్ని తీసుకోండి. నా అనుభవంలో వైశాల్యమే నిలకడగా ఉంటుంది. ఆర్-ఆర్ వ్యవధులను మాత్రం మీరు ఈసీజీ నుంచి మళ్లీ లెక్కగట్టకుండా, పట్టీ తనంతట తాను పంపే వాటినే వాడండి. బ్లూటూత్ ప్రమాణంలో అవి సెకనులో 1024వ వంతు సూక్ష్మతతో వస్తాయి, కొద్ది మిల్లీసెకన్ల సంకేతాన్ని వెతికేవారికి ఆ తేడా చాలా ముఖ్యం.

త్వరణమాపకాన్ని పరుగులో శ్వాస కోసం వాడాలని ప్రయత్నించకండి. పడుకున్నప్పుడు ఛాతీ ఎగసిపడటం దానిలో స్పష్టంగా కనిపిస్తుంది, పరుగులో పాదఘాతం దానిని పూర్తిగా ముంచేస్తుంది. దాని అసలు ఉపయోగం అడుగుల వేగాన్ని క్షణక్షణం ఖచ్చితంగా చెప్పడం. ఆ వేగం తెలిస్తే, అడుగులకూ గుండె వేగానికీ మధ్య తేడా, సగం అడుగులకూ గుండె వేగానికీ మధ్య తేడా ఎక్కడ పడతాయో ముందే లెక్కగట్టి, స్పెక్ట్రంలో ఆ రెండు చోట్లనూ కప్పివేయవచ్చు. మిగిలిన భాగంలో ఆర్-ఆర్ వ్యవధులు, ఆర్ తరంగ వైశాల్యం రెండూ ఒకే చోట శిఖరం చూపితే దానిని శ్వాసగా తీసుకోండి. రెండూ విభేదిస్తే, లేక కప్పిన చోటే శ్వాస ఉండే అవకాశం ఉంటే, ఏ సంఖ్యా చూపకుండా ఆ భాగాన్ని ఖాళీగా వదిలేయండి. గ్రాఫులో ఖాళీలుంటే చూడడానికి బాగుండదని చాలామంది వాటిని పాత సంఖ్యతో నింపుతారు. ఆ పని మాత్రం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మీ శ్వాస అడుగులతో ముడిపడి ఉంది. ఇది అరుదు కాదు. పరుగులో శ్వాసకూ అడుగులకూ మధ్య లంకె గురించి 1983లో బ్రాంబుల్, క్యారియర్ రాసిన ప్రసిద్ధ పత్రంలో, నాలుగు కాళ్ల జంతువులు దౌడు తీసేటప్పుడు ఒక్కో దూకుకు ఒక్కో శ్వాస తీస్తాయని, మనుషులు మాత్రం అనేక నిష్పత్తులు వాడతారని, వాటిలో ఎక్కువగా కనిపించేది రెండు పూర్తి అంగలకు, అంటే నాలుగు అడుగులకు, ఒక శ్వాస అని చూపారు. సరిగ్గా మీ అలవాటే. దానివల్ల మీ గుండె వేగం అడుగులలో ముప్పావు వంతుకు, అంటే 129కి, చేరినప్పుడల్లా నీడ వచ్చి శ్వాస మీద వాలుతుంది. ఆ చుట్టుపక్కల నిమిషాల్లో వచ్చిన ఫలితం ఎంత సరిగ్గా ఉన్నట్టు కనిపించినా లెక్కలోకి తీసుకోకండి.

భాగం పొడవు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 60 సెకన్ల భాగంతో నిమిషానికి ఒక శ్వాస వరకు వేరుచేయవచ్చు, 30 సెకన్లయితే రెండు. సమవేగంతో సాగే పరుగులకు 60 బాగుంటుంది. ఆగి ఆగి వేగంగా పరిగెత్తే విరామ శిక్షణలో మాత్రం శ్వాస కొద్ది సెకన్లలోనే ఎగసి, ఆగగానే దిగుతుంది కాబట్టి, నిమిషం సగటులో ఆ ఎగుడుదిగుడులన్నీ చదునైపోతాయి. అక్కడ 30 తీసుకొని, తగ్గిన సూక్ష్మతకు సిద్ధపడాలి.

చివరికి మీ కొత్త పద్ధతిని శబ్దంతో లెక్కపెట్టిన శ్వాసలతో పోల్చేటప్పుడు సహసంబంధ గుణకాన్ని, అంటే రెండు కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సంఖ్యను, చూసి సంతృప్తి పడకండి. విశ్రాంతి నుంచి తీవ్ర శ్రమ దాకా అన్నీ కలిపితే, చాలా తప్పుగా ఉన్న పద్ధతికి కూడా ఆ గుణకం ఎక్కువగానే వస్తుంది. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో సూచించిన విధంగా రెండు కొలతల తేడాల సగటునూ, ఆ తేడాల ప్రామాణిక విచలనానికి (సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతకు) 1.96 రెట్లు అటూ ఇటూ ఉండే హద్దులనూ చూడండి. తీవ్రత వారీగా విడివిడిగా చూస్తే పద్ధతి ఎక్కడ కూలిపోతుందో తెలుస్తుంది.

సమాధానం: పరుగు శిక్షకుడు

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు కాబట్టి, సంఖ్య దొరికాక ఏమి చేయాలన్న దాని గురించి మాత్రం రాస్తాను. శ్వాస రేటు, మనిషికి అనిపించే శ్రమతో చాలా దగ్గరగా నడుస్తుంది. బోర్గ్ కొలబద్ద మీద 6 నుంచి 20 వరకు తన శ్రమను చెప్పమంటే పరుగరి చెప్పే సంఖ్య, చాలాసార్లు గుండె వేగం కంటే శ్వాసనే బాగా అనుసరిస్తుంది. ఎండ వల్ల, నీరు తగ్గడం వల్ల గుండె వేగం మెల్లగా పైకి జారినప్పుడు నేను శ్వాసను చూసే నిర్ణయం తీసుకుంటాను. అందుకే మీ మొదటి గ్రాఫు నాకు భయం కలిగించింది. అలసట పెరుగుతున్నప్పుడు శ్వాస తగ్గుతోందని చూపే పరికరాన్ని నమ్మి మరింత వేగం పెంచే పరుగరులు ఉంటారు.

ఇంకొకటి, పోలికకు ఎప్పుడూ మిమ్మల్ని మీతోనే పోల్చుకోండి. ఒకే శ్రమకు ఒకరు 32, మరొకరు 45 శ్వాసలు తీయడం మామూలే. తీవ్ర శ్రమలో చాలామంది 40 నుంచి 60 మధ్యకు చేరతారు, అంతకు మించేవారూ ఉన్నారు. మీరు అడుగులతో ముడివేసి శ్వాసించేవారు కాబట్టి మీలో మార్పు నెమ్మదిగా కాకుండా మెట్టులా వస్తుంది. నాలుగు అడుగుల లయ నుంచి మూడు అడుగుల లయకు మారిన క్షణంలో 43 నుంచి ఒక్కసారిగా 57కి దూకుతుంది. ఆ దూకుడు మీకు సగటు కంటే ఎక్కువ చెబుతుంది. దానిని గుర్తించడానికి పరికరం కూడా అక్కరలేదు, అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు.

సమాధానం: శరీరధర్మ పాఠం

ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చే ఇతరుల కోసం రెండు విషయాలు చేరుస్తున్నాను. మణికట్టు మీద కాంతితో కొలిచే వాచీలు విశ్రాంతిలో, నిద్రలో శ్వాస రేటును బాగానే అంచనా వేస్తాయి. రక్తనాళాల్లోని స్పందన తరంగం అడుగుభాగం, ఎత్తు, వ్యవధి మూడూ శ్వాసతో మారతాయి కాబట్టి అది సాధ్యమవుతుంది. పరుగులో చేయి ఊగుతున్నప్పుడు ఆ సంకేతం తీవ్రంగా చెదిరిపోతుంది. పైగా వాచీ చూపే గుండె వేగం చాలా సెకన్ల సగటు కావడం వల్ల, అందులో శ్వాస జాడే మిగలదు. సెకనుకొకటి చొప్పున భద్రపరచిన గుండె వేగం నుంచి శ్వాసను తీయాలనుకొనేవారు ముందుగా ఇది గమనించాలి.

రెండోది వైద్య సంబంధమైనది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ రుగ్మత ఉన్నవారిలో ఆర్-ఆర్ వ్యవధులు వాటంతట అవే క్రమం తప్పి ఉంటాయి కాబట్టి వాటి నుంచి శ్వాసను తీయలేము. అప్పుడప్పుడు ముందుగా వచ్చే అదనపు స్పందనలు ఆరోగ్యవంతులలోనూ సాధారణమే, కానీ అటువంటి ఒక్క స్పందన, దాని వెనుక వచ్చే పొడవైన విరామం కలిసి మొత్తం స్పెక్ట్రాన్ని రొదతో నింపేస్తాయి. వాటిని ముందుగా గుర్తించి సరిచేయాలి. బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి నైక్విస్ట్ పరిమితి కూడా కిందికి దిగుతుంది. గుండె వేగం 90 దాటని మనిషి నిమిషానికి 50 శ్వాసలు తీస్తే, ఈ పద్ధతిలో అది 40గా కనిపిస్తుంది. అంటే అటువంటివారిలో అడుగులే కాదు, శ్వాస కూడా తన వేషం మార్చుకోగలదు.

దూరపరుగు

పట్టీల పని గారు చెప్పిన విధంగా ప్రోగ్రామును తిరిగి రాశాను. నా పట్టీ ఈసీజీ ఇస్తుందని ఇప్పుడే తెలిసింది. ఆర్ తరంగ వైశాల్యాన్ని తీసుకొని, అడుగుల నీడలు పడే రెండు చోట్లనూ కప్పి, రెండు సాక్షులూ కలిసినప్పుడే సంఖ్యను చూపుతున్నాను. నిన్నటి 50 నిమిషాల సమవేగపు పరుగులో 50 భాగాలకు 33 భాగాల్లో సంఖ్య వచ్చింది. ఆ 33 భాగాల్లోనూ శబ్దం నుంచి లెక్కపెట్టిన దానికి రెండు శ్వాసలకు మించిన తేడా లేదు. మిగిలిన 17 భాగాలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గుండె వేగం 125, 133 మధ్య ఉన్న మొదటి పన్నెండు నిమిషాలవే. ఒకప్పుడు నేను సరిచూసుకొని నమ్మకం పెంచుకున్నది ఆ నిమిషాలనే.

ఎత్తు ఎక్కే పరుగులో మాత్రం ఇంకా సగం కూడా రావడం లేదు. అక్కడ నా అడుగుల వేగం తగ్గుతుంది, గుండె వేగం 165 దాటుతుంది, అందువల్ల అడుగుల నీడ సున్నాకు దగ్గరగా వెళ్లిపోయి అడ్డు తొలగాలి కదా అనుకున్నాను. కానీ అక్కడ రెండు సాక్షులూ కలవడం లేదు. ఆ భాగాలను 30 సెకన్లకు బదులు 60 సెకన్లతో మళ్లీ గీసి, ఫలితాన్ని ఇక్కడే రాస్తాను.